ఎడమ కాల్వ కట్ట నుంచి కొండల పందెం దాకా

హుజూర్‌నగర్: పాల క్యాన్లు రెండు పక్కలా తగిలించి, వెనుక క్యారియర్ మీద యూరియా బస్తా కట్టి, నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కట్ట వెంట సైకిల్ తొక్కిన మనుషులు ఈ ప్రాంతంలో ఏ వూరికి ఆ వూరిలో వుండేవారు. మోటారు సైకిళ్ళు వచ్చిన తరువాత ఆ సైకిళ్ళు గోడలకు ఆనుకున్నాయి. కొన్ని పాత ఇనుము సామాన్ల వారికి పోయాయి. చిత్రమేమంటే, ఏ బాటల్లో తొక్కడం మన తండ్రులకు గత్యంతరం లేని పని అయిందో, అటువంటి బాటలనే వెదికి పట్టుకుని, ప్రవేశ రుసుము చెల్లించి, నెలల తరబడి సాధన చేసి మరీ తొక్కే పందేలు ఇప్పుడు దేశదేశాల్లో జరుగుతున్నాయి. రాళ్ళు, దుబ్బ, బురద, ఎక్కుడు, దిగుడు వీటి మీద ఉదయం మొదలై సాయంత్రం దాకా సాగే పందేలివి. మధ్యలో తారు రోడ్డు వస్తే అది విశ్రాంతి కింద జమ.

వీటిని మౌంటెన్ బైక్ మారథాన్ పందేలంటారు. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం లెక్క ప్రకారం వీటి దూరం 60 నుంచి 160 కిలోమీటర్లు. కొన్ని ఒక్క రోజులో ముగుస్తాయి. కొన్ని వారం రోజులు, రోజుకొక మజిలీ చొప్పున నడుస్తాయి. గెలిచేవాడు ఒకడే కాగా, తక్కిన వందలాది మందికి గడువులోగా చివరి గీత దాటడమే విజయం.

హుజూర్‌నగర్ చుట్టుపక్కల గ్రామాల యువకుడెవరైనా ఇటువంటి పందేనికి సిద్ధపడదలిస్తే అతనికి నేల కొరత లేదు, ఒళ్ళు వంచే అలవాటుకూ కొరత లేదు. కొరత పడేది లెక్క దగ్గర. ఎంత తొక్కాలి, ఎంత తాగాలి, ఎప్పుడు ఆగాలి అన్న లెక్క. అది తప్పితే ఓడిపోవడంతో సరిపోదు. మన జిల్లా ఎండల్లో ప్రాణం మీదికే వస్తుంది.

పాత సైకిళ్ళే మూలపురుషులు

ఈ ఆట పుట్టింది ధనవంతుల బండ్ల మీద కాదన్న సంగతి చాలామందికి తెలియదు. 1970 దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో టమల్‌పయిస్ అనే కొండ దగ్గరి కుర్రవాళ్ళు కొందరు, పాత సామాన్ల కొట్లలో తుక్కు కింద పడివున్న లావు టైర్ల సైకిళ్ళను చవకగా కొని కొండబాటల్లో దిగడం మొదలుపెట్టారు. 1976 అక్టోబరు 21న మొదటిసారి పందెం కట్టారు. ఆ సైకిళ్ళకు పెడల్ వెనక్కు తొక్కితే పడే బ్రేకు వుండేది. నిట్టనిలువు దిగుడులో ఆ బ్రేకు వేడెక్కి హబ్బులోని గ్రీజు పొగలై పోయేది. దిగిన ప్రతిసారీ హబ్బు విప్పి మళ్ళీ గ్రీజు కూరవలసి వచ్చేది. ఆంగ్లంలో మళ్ళీ కూరడాన్నే 'రీప్యాక్' అంటారు. ఆ పందేనికి అదే పేరు స్థిరపడింది. మరుసటి ఏడాది జో బ్రీజ్ అనే యువకుడు కొండబాటల కోసమే ప్రత్యేకంగా ఒక ఫ్రేము తయారుచేశాడు. 1990లో డురాంగోలో తొలి అధికారిక ప్రపంచ పోటీలు, 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ప్రవేశం. ఆ ఒలింపిక్స్‌లో మొదటిసారే పురుషులతోపాటు మహిళలకు కూడా పోటీ పెట్టారు. తుక్కు సామాను ఇరవై ఏళ్ళలో ఒలింపిక్ క్రీడ అయిందన్నమాట.

సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీల మధ్య బతుకుతున్న మేళ్ళచెరువు, మఠంపల్లి ప్రాంతాల వారికి లెడ్‌విల్ అనే వూరి కథ మరింత దగ్గరగా తోస్తుంది. అమెరికాలోని కొలరాడో కొండల మీద 10 వేల అడుగులకు పైన వున్న గనుల వూరు అది. 1980 దశకం మొదట్లో అక్కడి పెద్ద గని మూతపడి వేలాది మంది వీధిన పడ్డారు. వూరికి నాలుగు డబ్బులు రావాలంటే బయటివారు వచ్చి రాత్రి బస చేయాలని ఆలోచించి, కెన్ క్లూబర్ అనే గని పనివాడు 1983లో 100 మైళ్ళ పరుగు పందెం పెట్టించాడు. 1994లో అదే కొండల మీద 100 మైళ్ళ సైకిల్ పందెం కూడా మొదలైంది. అంటే సుమారు 160 కిలోమీటర్లు. గడువు 12 గంటలు. పందెంలో ఎక్కే ఎత్తంతా కలిపితే 10 వేల అడుగులు దాటుతుంది. గని పోయిన వూరిని సైకిల్ పందెం ఒక్కటే నిలబెట్టిందనడం అతిశయోక్తి అవుతుంది కాని, ఆ వూరి పేరు ఇప్పుడు ప్రపంచానికి తెలిసింది గనుల వల్ల కంటే పందేల వల్లే.

మన దేశంలో 2005లో సిమ్లా కేంద్రంగా 'ఎం.టి.బి. హిమాలయ' పందెం మొదలైంది. హిమాచల్ కొండల్లో రోజుల తరబడి సాగే పందెం అది. 2023 అక్టోబరులో కేరళలోని తిరువనంతపురం జిల్లా పొన్ముడి కొండపై ఆసియా మౌంటెన్ బైక్ పోటీలు జరిగాయి. పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత సంపాదించే పోటీ కూడా అదే కావడం గమనార్హం. సైకిలింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా జాతీయ పోటీలు జరుపుతుంది. వాటికి రాష్ట్ర సంఘాల ద్వారా వెళ్ళాలి. ఇక తెలుగు నేలపై చూస్తే, హైదరాబాద్ సైకిల్ ప్రియులు కొండబాటల సాధనకు వికారాబాద్ దగ్గరి అనంతగిరికి వెళ్తుంటారు. మూసీ పుట్టేది ఆ గుట్టల్లోనే. ఆ మూసీ వచ్చి కృష్ణలో కలిసేది వాడపల్లి దగ్గర, అంటే మన పొరుగునే. నది మొదట్లో సాధన చేసే పట్టణవాసులున్నారు, నది కొసన బాటలు ఖాళీగా పడివున్నాయి.

నేల ఎట్లాంటిది?

పందెం హిమాచల్‌లోనో కేరళలోనో జరగవచ్చు. తయారీ మాత్రం ఇంటి దగ్గరే. పులిచింతల జలాశయం నిండుగా వున్నప్పుడు నీటిమట్టం సముద్రమట్టానికి 175 అడుగులు. లెడ్‌విల్ వూరి ఎత్తు 10 వేలు పైచిలుకు. కనుక పల్చటి గాలికి అలవాటుపడడం ఇక్కడ సాధ్యం కాదు. అక్కడికి పోయేవాడు కొద్ది రోజులు ముందుగా వెళ్ళవలసిందే. అయితే ఎక్కుడు మాత్రం ఇక్కడా దొరుకుతుంది. వూరి పక్క గుట్ట 200 అడుగులే అయినా పదిసార్లు ఎక్కి దిగితే 2 వేల అడుగులు ఎక్కినట్లే. కాళ్ళకు కొండ పేరుతో పని లేదు.

మొరం బాటలో వేగం అలవాటవుతుంది. వాగు దుబ్బలో బండిని నిలువరించడం వస్తుంది; దుబ్బలో హ్యాండిల్ గట్టిగా బిగించిన వాడు పడిపోతాడు, వదులుగా పట్టి బరువు వెనక్కు జరిపినవాడు దాటుతాడు. నల్లరేగడి సంగతి రైతులకు చెప్పనవసరం లేదు. నాలుగు చినుకులు పడితే టైరుకు అంటి, ఫోర్కు సందుల్లో కూరుకుపోయి, చక్రమే తిరగదు. అటువంటప్పుడు బలం చూపితే గొలుసో గేరో తెగుతుంది. దిగి, పుల్లతో మట్టి గీకి, గడ్డి వున్న అంచున నడిపించుకుపోవడమే తెలివి. బండిని భుజాన వేసుకుని ఫర్లాంగు దూరం నడవడం కూడా సాధనలో భాగమేనని కొత్తవారు గ్రహించాలి. పెద్ద పందేల్లో అందరూ అన్నిచోట్లా తొక్కుతారనుకోవడం పొరపాటు.

కాల్వ కట్ట గురించి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. 1967 ఆగస్టు 4న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ సాగర్ కాల్వలకు నీరు వదిలిన నాటి నుంచి ఈ కట్టే మనకు బాట. చదునుగా, పొడుగ్గా, లారీలు లేకుండా వుంటుంది కనుక సాధనకు దీన్ని మించినది లేదనిపిస్తుంది. కాని నీరు పారే రోజుల్లో సిమెంటు వాలు మీద నాచు పట్టి వుంటుంది. అందులోకి జారినవాడు ఈత వచ్చినా పైకి ఎక్కలేడు. 2024 సెప్టెంబరు మొదట్లో కురిసిన భారీ వర్షాలకు నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర ఇదే కాల్వకు గండి పడింది. వానల తరువాత కట్ట పైకి గట్టిగా కనిపించి లోన డొల్లగా వుండవచ్చు. కాబట్టి నీటివైపు కాక పొలం వైపు అంచున తొక్కాలి. తూముల దగ్గర దిగి నడవాలి. చీకట్లో ఒంటరిగా కట్టెక్కరాదు. పక్క చేలలో పైరు వున్నప్పుడు గట్లు తొక్కితే రైతు వూరుకోడు, వూరుకోనక్కరలేదు కూడా.

కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్ళు పెడతారు. పొద్దుపోయాక ఆ రాళ్ళు కనబడవు. సిమెంటు లారీలు తిరిగే రోడ్లకు దుమ్ము అదనం. ఈ రెండింటికీ దూరంగా డొంకలు, బండ్ల బాటలు ఎంచుకోవాలి.

తొక్కడంలో లెక్క

ముందుగా ప్రభుత్వాసుపత్రిలో రక్తపోటు, గుండె, రక్తంలో హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. రక్తహీనత వున్నవాడు ఎంత సాధన చేసినా ఆయాసమే మిగులుతుంది. ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవారుంటే ఆ సంగతి డాక్టరుతో దాచకుండా చెప్పాలి.

సాధనకు కనీసం 3, 4 నెలలు కావాలి. మొదటి నెల వారానికి 3 రోజులు గంటసేపు, ఆదివారం 2 గంటలు చాలు. ఆపైన వారం వారం మొత్తంలో పదో వంతుకు మించకుండా పెంచుకుంటూ పోవాలి. మూడు వారాలు పెంచి నాలుగో వారం తగ్గించాలి. ఈ తగ్గించే వారమే కుర్రవాళ్ళకు కష్టం. కాళ్ళు తొక్కమంటుంటే ఆగడం చేతకాదు. కాని కండరం గట్టిపడేది తొక్కేటప్పుడు కాదు, విశ్రాంతిలో. మూడో నెలకు ఆదివారం సాధన 5 గంటలకు చేరాలి. పందేనికి ముందు రెండు వారాలు సగానికి సగం తగ్గించాలి. ఆఖరి వారంలో ఎక్కువ తొక్కి బలం తెచ్చుకున్నవాడు లేడు, పోగొట్టుకున్నవారే వున్నారు.

ఎంత బలంగా తొక్కాలన్నదానికి యంత్రాలు అవసరం లేదు. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అది నికరమైన వేగం. వారంలో ఎక్కువ భాగం ఆ వేగమే వుండాలి. వారానికి ఒకసారో రెండుసార్లో మాత్రం మాట పెగలనంత బలంగా గుట్ట ఎక్కాలి. రోజూ ఆయాసపడేలా తొక్కడం మన కుర్రవాళ్ళలో కనిపించే లోపం. దాంతో నెల తిరక్కుండా మోకాళ్ళ నొప్పి అంటారు. సీటు కురచగా వున్నా అదే నొప్పి వస్తుంది. మడమ పెడల్ మీద పెట్టి కిందికి నొక్కినప్పుడు కాలు నిటారుగా చాపుకునే ఎత్తులో సీటు వుండాలి. మరి మునివేళ్ళ మొదటి భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి సరిపోతుంది.

ఇక్కడ పొలం పని సంగతి మరువరాదు. పట్టణంలో కుర్చీలో కూర్చుని పనిచేసేవాడి కోసం రాసిన సాధన పట్టికను నాట్లకో కోతలకో పోయి వచ్చినవాడు యథాతథంగా పాటిస్తే చెడుతుంది. రోజంతా వంగి పనిచేసి సాయంత్రం మళ్ళీ రెండు గంటలు తొక్కితే అది సాధన కాదు, అరుగుదల. పొలం పని జోరుగా వున్న వారాల్లో తొక్కుడు తగ్గించి, నిద్ర పెంచి, పప్పు, గుడ్డు, పాలు తిండిలో చేర్చితే నష్టపోయేది ఏమీ లేదు.

ధాన్యం కాటాతో నీళ్ళ లెక్క

ఇటువంటి పందేల్లో మధ్యలో విరమించుకునేవారిలో చాలామందిని ఆపేది కాళ్ళు కావు. కడుపు, దాహం, టైరు. నీళ్ళ విషయంలో ఒకరి లెక్క మరొకరికి పనికిరాదు. ఎవరి చెమట వారిది. దీన్ని తెలుసుకునే పద్ధతి ఒకటి వుంది. దానికి ధాన్యం తూచే కాటా చాలు. తొక్కబోయే ముందు తూకం వేసుకోవాలి. గంటసేపు తొక్కి వచ్చి, చెమట తుడుచుకుని, మళ్ళీ తూగాలి. తగ్గిన ప్రతి కిలోకు సుమారు ఒక లీటరు చెమట పోయినట్లు. మధ్యలో తాగిన నీటిని దానికి కలుపుకోవాలి. 60 కిలోల మనిషి 1 కిలో 200 గ్రాములు తగ్గాడంటే నూటికి రెండు పాళ్ళు పోయినట్లు. అక్కడి నుంచి బలం తగ్గడం మొదలవుతుంది. తగ్గడానికి బదులు బరువు పెరిగితే అది మరీ ప్రమాదం, అవసరానికి మించి తాగినట్లు.

నీళ్ళు ఎక్కువ తాగితే ప్రమాదమా అని ఆశ్చర్యపోవచ్చు. గంటల తరబడి చెమటతో ఉప్పు పోతూ వుండగా వుత్త నీళ్ళు మాత్రమే కడివెడు తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్లుండడం, వేళ్ళు ఉబ్బడం, మాట తడబడడం దాని గుర్తులు. దాన్ని దాహమనుకుని మరిన్ని నీళ్ళు తాగిస్తే మనిషి ప్రాణానికే ముప్పు. అందుకే లీటరు నీటికి ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు కలిపి తాగడం మంచిది. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలుపుకోవచ్చు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బనగాఁవ్ శరణార్థుల శిబిరంలో కలరా రోగులను డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఈ ఉప్పు–చక్కెర నీటితోనే కాపాడారు. పేదవాడి ఆ మందునే ఇప్పుడు ఆటగాళ్ళు రంగు కలిపిన సీసాల్లో ఎక్కువ ధరకు కొంటున్నారు.

సాధారణంగా గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా పడుతుంది. ఎండలో ఇంకా ఎక్కువ. 80 కిలోమీటర్ల బాట గంటకు 12 చొప్పున తొక్కితే 6 గంటల 40 నిమిషాలు. అంటే 5 లీటర్ల నీరు. బండికి పట్టే రెండు సీసాలు కలిపి లీటరున్నర. మిగిలినది ఎక్కడ నింపుకోవాలో ముందుగానే తెలిసి వుండాలి. దారిలో ఏ వూరి చేతిపంపో, ఏ బడి కుళాయో గుర్తు పెట్టుకోవాలి. మన జిల్లా బోరునీటిలో ఫ్లోరైడు వుందని భయపడేవారున్నారు. ఒక్క పూట తాగితే వచ్చేది కాదు ఆ జబ్బు, ఏళ్ళ తరబడి తాగితే వచ్చేది. కాల్వ నీళ్ళు తాగితే మాత్రం ఆ రాత్రికే విరేచనాలు పట్టుకోవచ్చు.

తిండి విషయం. ఒంట్లో నిలవ వుండే చక్కెర గట్టిగా తొక్కితే గంటన్నర, రెండు గంటలకు సరి. ఆ తరువాత నూనె అయిపోయిన ఇంజనులా మనిషి ఆగిపోతాడు. కళ్ళు తిరుగుతాయి, కాళ్ళు వణుకుతాయి. కనుక ఆకలి వేయక ముందే, మొదటి గంట నుంచే, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థమో చక్కెరో లోపలికి పోతుండాలి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాముల దాకా వుంటుంది. ఖర్జూరాలు, బెల్లం ముక్క, ఉడికించిన మోరంగడ్డ, ఉప్పు వేసిన అన్నం ముద్ద, ఏదైనా సరే. పల్లీ పట్టి మంచిదే కాని నూనె గింజ కనుక నెమ్మదిగా అరుగుతుంది, ఎక్కుడు ముందు తినరాదు. పందెం రోజున కొత్త తిండి ముట్టరాదు. కడుపు కూడా సాధన చేయవలసిన అవయవమే. ఆదివారాలు తొక్కేటప్పుడు తిన్నదే పందెంలో తినాలి.

ఎండ

మార్చి చివరి నుంచి జూన్ వానల దాకా మన ప్రాంతంలో పొద్దెక్కాక దూరాలు తొక్కడం సాహసం కాదు, తెలివితక్కువతనం. వేకువన 5 గంటలకు మొదలుపెట్టి 8 గంటలకు ఇల్లు చేరాలి. పందెం ఎండలోనే అయితే శరీరానికి వేడి అలవాటు కావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదట అరగంటతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి. తొక్కేవాడు అర్థంలేని మాటలు మాట్లాడినా, తూలినా, మండుటెండలో చలి అన్నా అది వడదెబ్బ. పందెం అక్కడికి సరి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్ళు పోసి విసరాలి. ఆసుపత్రి తరువాత, చల్లబరచడం ముందు. 108కు ఫోను చేసేటప్పుడు 'కాల్వ కట్ట మీద' అంటే వారికి దొరకదు. ఏ వూరి దగ్గర, ఏ తూము, ఏ వంతెన అని చెప్పగలగాలి.

బండి, ముల్లు, సొల్యూషన్

బజారులో 'మౌంటెన్ బైక్' పేరుతో అమ్మేవన్నీ అందుకు పనికిరావు. చవక రకాల్లో ఫ్రేము నడుమ స్ప్రింగు పెట్టి ఆడంబరంగా అమ్ముతారు. ఆ స్ప్రింగు బరువు పెంచి, తొక్కిన బలాన్ని మింగుతుంది. అదే డబ్బుకు స్ప్రింగు లేని గట్టి ఫ్రేము, నికరమైన బ్రేకులు తీసుకోవడం మేలు. పోటీకి నిలిచే బండి ధర సుమారు 50 వేలు దాటుతుంది. పైరకాలు లక్షల్లో వున్నాయి. ఒక రైతు కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. 'ఇంత పెట్టి తొక్కితే వచ్చేదేమి' అని తండ్రి అడిగితే తప్పు పట్టలేము. కాబట్టి మొదటి మూడు నెలలు వున్న సైకిల్ మీదే తొక్కి, నిజంగా ఆసక్తి నిలిచిందో లేదో చూసుకుని, పాత బండి దొరికితే మెకానిక్‌కు చూపించి కొనడం ఉత్తమం. ఫ్రేముకు పగులు వుంటే ఎంత చవకైనా తీసుకోరాదు.

గేర్ల సంగతి తేలిక. ముందు పళ్ళ చక్రంలో 32 పళ్ళు, వెనుక 50 పళ్ళు వున్నాయనుకుంటే, పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం సుమారు మూడింట రెండు వంతుల చుట్టే తిరుగుతుంది. మన పాత నల్ల సైకిల్‌కు అదే ఒక్క చుట్టుకు చక్రం రెండు చుట్లకు పైగా తిరుగుతుంది. అందుకే దాన్ని గుట్ట ఎక్కించాలంటే నిలబడి తొక్కాలి, ఇది కూర్చుని ఎక్కుతుంది. బరువు లాగేటప్పుడు చిన్న గేరు వేయడం ట్రాక్టరు నడిపేవారికి చెప్పాలా?

మన దగ్గర అసలు శత్రువు ముల్లు. పల్లేరు కాయ, తుమ్మ ముల్లు, కంప చెట్టు ముల్లు. మూడూ టైరును ఎరుగును. కొత్త బండ్లకు ట్యూబు లేకుండా టైరులో రబ్బరు పాల వంటి ద్రవం పోసే పద్ధతి వుంది. ముల్లు గుచ్చుకున్నప్పుడు గాలితోపాటు ఆ ద్రవం చిల్లులోకి వచ్చి గడ్డకట్టి మూసేస్తుంది. పల్లేరు కాయలున్న బాటకు ఇది వరప్రసాదమే. అయితే మన వేడికి అది లోపలే ఎండిపోతుంది. కొన్ని నెలలకొకసారి చూసి మళ్ళీ పోయాలి. ట్యూబు వున్నవారు గాలి మరీ తగ్గించరాదు. రాయి తగిలినప్పుడు రిమ్ముకు రాయికి మధ్య ట్యూబు నలిగి, పాము కోరల గాట్లలా రెండు చిల్లులు పడతాయి. మరీ బిగించినా చిక్కే, టైరు రాళ్ళపై ఎగిరిపడి పట్టు తప్పుతుంది. లావు టైరుకు సుమారు 25 నుంచి 35 పౌండ్ల గాలి, మనిషి బరువును బట్టి.

పంక్చరు వేయడం ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలి. పందెంలో షాపు వుండదు. హుజూర్‌నగర్‌లో పాత సైకిల్ షాపు దగ్గర రెండు పూటలు కూర్చుంటే వచ్చే విద్య ఇది. ట్యూబు తీయడం, నీళ్ళ బేసిన్‌లో బుడగ చూడడం, ఉప్పు కాగితంతో గీకడం, సొల్యూషన్ రాసి ఆరనివ్వడం, అతుకు వేయడం. తొందరపడి సొల్యూషన్ తడిగా వుండగానే అతుకు వేసేవారు చాలామంది. అది నిలవదు. అంతకంటే పెద్ద పొరపాటు మరొకటి వుంది. ట్యూబు మార్చి, టైరు లోపల ముల్లు తీయకుండా ఎక్కించడం. అర కిలోమీటరు పోకముందే మళ్ళీ గాలి పోతుంది. టైరు లోపలి వైపు వేళ్ళతో నెమ్మదిగా తడిమి, ముల్లు కొన దొరికేదాకా వెదకాలి. సంచీలో ఒక అదనపు ట్యూబు, అతుకులు, చిన్న పంపు, గొలుసు విడదీసే పనిముట్టు, గొలుసు కొక్కెం ఒకటి, స్క్రూ తాళాలు తప్పకుండా వుండాలి. చక్రం బెండ్ తీయడం కొంత తెలిసినా చాలు, ఇల్లు చేరవచ్చు.

దిగుడులో ముందు బ్రేకు భయమే ఎక్కువమందిని పడేస్తుంది. భయంతో వెనుక బ్రేకు ఒక్కటే పట్టి వుంచితే చక్రం బిగిసి జారుతుంది. ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కితే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరిపడతాడు. రెండింటినీ ఒక్కొక్క వేలితో మెల్లగా, వదులుతూ పట్టుకుంటూ, సీటు వెనక్కు జరిగి దిగాలి. చూపు ముందు చక్రం దగ్గర కాక పది గజాల ముందు వుండాలి. హెల్మెట్ లేకుండా ఒక్క గుట్ట కూడా దిగరాదు.

ఒంటరి సాధన

ఇదంతా ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే సులువు. ఒకరికి దెబ్బ తగిలితే మరొకరుంటారు. కాని పందెంలో చివరి గంటలు మనిషి ఒంటరిగానే తొక్కవలసి వస్తుంది కనుక నెలకొకసారి ఒంటరిగా పోయి రావడం అలవాటు చేసుకోవాలి. అటువంటి రోజు ముందు రాత్రే గొలుసుకు నూనె వేసి, సీసాలు కడిగి, అరటిపండ్లు సంచీలో సర్దుకోవాలి. ఏ దారిన వెళ్ళేదీ, ఏ వూళ్ళ మీదుగా తిరిగేదీ కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వాలి. మధ్యాహ్నం 12 గంటలకల్లా రాకపోతే ఎవరు, ఏ వైపు నుంచి వెదుక్కుంటూ రావాలో కూడా ఆ కాగితం మీదే వుండాలి. తిరిగివచ్చాక ముందు చేయవలసిన పని కాటా ఎక్కడం. తరువాతే స్నానం.